ఉత్తుత్తి యుద్ధాలకి నిజం లాంటి సామాను

ఈ మధ్య మా అబ్బాయి ఫోనులో ఒక వీడియో చూపించాడు. మిలటరీ బట్టలు వేసుకున్న కొంతమంది అడవిలో యుద్ధం ఆడుతున్నారు. దాన్ని ఎయిర్‌సాఫ్ట్ అంటారట, జపానులో పుట్టిన ఆట. తుపాకుల్లోంచి వచ్చేవి చిన్న ప్లాస్టిక్ గుళ్ళు. నాకు వింతగా అనిపించింది వాళ్ళ చుట్టూ ఉన్న సామాను. వైర్‌లెస్ సెట్లు, మందుగుండు పెట్టెలు, చేతిబాంబులు, అన్నీ ఉత్తుత్తివే. చూస్తే మాత్రం అచ్చం నిజమైనవే. వాటిని తయారుచేసి అమ్ముకుని బతికేవాళ్ళు ఉన్నారంటే వాడికి నవ్వొచ్చింది. నాకు మాత్రం మన కృష్ణా జిల్లా గుర్తొచ్చింది. నిజం కానిదాన్ని నిజంలా చేసి చూపించడం ఇక్కడ తరాల నుంచీ ఉన్న వృత్తి.

డిగ్రీలో నాటకం పాఠం చదువుకున్నవాళ్ళకి ఆహార్యం అన్న మాట గుర్తుండే ఉంటుంది. వేషం, నగలు, ఆయుధాలు, రంగస్థలం మీది వస్తువులు అన్నీ దాని కిందికే వస్తాయి. భరతుడి నాట్యశాస్త్రంలో ఈ వస్తువుల తయారీకి ‘పుస్తం’ అని పేరు. చాప, గుడ్డ, తోలు లాంటివాటితో కలిపి చేసేది సంధిమం, యంత్రంతో కదిలేది వ్యాజిమం, గుడ్డ చుట్టి చేసేది వేష్టిమం. బరువైన నగలు పెడితే నటుడు అలిసిపోతాడు కాబట్టి లక్కతో, పల్చటి రేకులతో తేలిగ్గా చెయ్యమన్నాడు. రంగం మీద ఆయుధాన్ని నిజంగా విసరకూడదు, పొడవకూడదు, అభినయంతోనే చూపించాలి అన్నాడు. చూడటానికి నిజంలా ఉండాలి, ఎవరికీ దెబ్బ తగలకూడదు. ఆ ఎయిర్‌సాఫ్ట్ వాళ్ళ సూత్రమూ ఇదే కదా!

ఇక మన కూచిపూడికి వద్దాం. దివిసీమకి పొరుగున, మొవ్వ దగ్గర ఉందా ఊరు. అక్కడి భాగవతుల నగలు, కిరీటాలు బూరుగు కర్రతో చేసేవారు. తెల్లవార్లూ గంతులేసే మనిషి నెత్తిన ఇత్తడి కిరీటం పెడితే ఏం నిలబడతాడు? కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట లేచేది. ఆ వెలుగులో కర్ర కిరీటమే బంగారమై మెరిసేది. భామాకలాపంలో సత్యభామ తన జడని తెర మీదుగా బయటికి వేసేది. నన్ను ఓడించగలిగినవాళ్ళు ఈ జడ కోసుకోండి అన్న సవాలది. ఆ వేషం కట్టేది మగవాడు, జడ సవరం, దానిమీది నగలు ఉత్తుత్తివి. సవాలు మాత్రం అసలుది! ఆ పాత్రకి పేరు తెచ్చిన వేదాంతం సత్యనారాయణశర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది.

తర్వాత పద్యనాటకాల కాలం వచ్చింది. బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు కలిసి రాసిన పాండవోద్యోగ విజయాలు ఊరూరా తిరునాళ్ళలో ఆడేవారు. ప్రతి ఊరికీ ఒక కురుక్షేత్రం కావాలి, ప్రతి కురుక్షేత్రానికీ గద, విల్లు, కిరీటాలు కావాలి. ఎవరికి వాళ్ళు చేయించుకోలేరు గనక వాటిని అద్దెకిచ్చే వ్యాపారం నిలబడింది. గుడివాడ దగ్గరి రామాపురంలో 1924లో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారు నాటకాల్లో ఎక్కువగా కట్టినవి ఆడవేషాలే. 1885లో కీచకవధతో మొదలైన సురభి వాళ్ళయితే తమ సామాను తామే చేసుకునేవారు. అందులో ఆడవాళ్ళు, పిల్లలు అందరి చేతులూ పడేవి. రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి నిప్పులు రాలుస్తుంటే జనం ఊపిరి బిగబట్టి చూసేవారు.

బందరు చిలకలపూడిలో గిల్టు నగలు చేసే పని కూడా ఈ కోవలోదే. రాగి, ఇత్తడి రేకుని అచ్చులో కొట్టి, తీగలు అతికి, రాళ్ళు పొదిగి, మెరుగు పెట్టి, చివరికి బంగారు పూత పూస్తారు. నాట్యం నేర్చుకునే పిల్లల పాపిడిబిళ్ళలు, వడ్డాణాలు, పెళ్ళిళ్ళలో మనం పెట్టుకునే హారాలు అన్నీ ఇలా తయారైనవే. రాళ్ళు అతికే పని చాలావరకు ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని చేసేది. ఎన్ని చేస్తే అంత కూలి. కళ్ళు లాగేస్తాయి, మెడ పట్టేస్తుంది. పూత తొట్లలో వాడే రసాయనాలు కూడా సామాన్యమైనవి కావు. నాటకం కరపత్రంలో డ్రెస్సులు ఎవరివో వేస్తారు గానీ ఈ రాయి అతికిన చెయ్యి ఎవరిదో ఎక్కడా కనపడదు.

“అయినా నకిలీయే కదా” అని మూతి తిప్పేవాళ్ళు ఉంటారు. నకిలీకీ మోసానికీ మధ్య ఒక గుర్తు ఉంటుంది. నాటకానికి ఆ గుర్తు తెర. తెర లేచినప్పటి నుంచి పడేదాకా చూసేదంతా ఆటేనని అందరికీ తెలుసు. అమెరికాలో 1988లో చేసిన చట్టం ప్రకారం బొమ్మ తుపాకీ మూతికి నారింజ రంగు ఉండాలి. ఎదుటివాడు నిజం తుపాకీ అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది మరి. మన దేశంలో బంగారానికి 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. ఆ గుర్తు చెరిగిపోయిన చోటే కొంపలు మునుగుతాయి.

మా బంధువుల్లో ఒకమ్మాయికి పెళ్ళిలో పెట్టిన హారం బంగారమనే చెప్పారు. భర్తకి ఆపరేషన్ అవసరమై తాకట్టుకి తీసుకెళ్తే అది పూత అని తేలింది. డబ్బు ఎక్కడో అక్కడ సర్దుబాటయింది గానీ, ఆ ఇంట్లో మాటలు ఇప్పటికీ సర్దుకోలేదు. గిల్టు అని చెప్పి పెట్టి ఉంటే ఆ పిల్ల సంతోషంగా పెట్టుకునేది. ఆ హారం చేసినవాళ్ళు గిల్టు అని చెప్పే అమ్మి ఉంటారు. అబద్ధం చేరింది పెళ్ళిపందిట్లో.

అందుకే గిల్టు కొనడానికి సిగ్గుపడక్కర్లేదు. కొన్నప్పుడు గిల్టు అని రాసిన బిల్లు అడిగి తీసుకోండి, ఆడపిల్లకి ఇచ్చేటప్పుడు ఏది ఏదో చెప్పి విడివిడి పెట్టెల్లో పెట్టి ఇవ్వండి. బేరమాడే ముందు మాత్రం ఆ రాళ్ళు ఒక్కొక్కటీ ఎవరో తల్లి వంగి కూర్చుని అతికిందని ఒక్క క్షణం తలుచుకోండి.