ఆవుకున్న పాటి బుద్ధి లేదా? మాల మాదిగలు దేవుణ్ణి విచారించిన తీరు

1936 నవంబరులో అమెరికా క్రైస్తవ నాయకుడు జాన్ మాట్ సేగాం వచ్చి గాంధీని కలిశాడు. అప్పటికి ఏడాది కిందటే, 1935 అక్టోబరు 13న, అంబేద్కర్ యేవలాలో తాను హిందువుగా చావనని ప్రకటించి ఉన్నాడు. అంటరానివాళ్లు ఎటు పోతారన్నదే అందరి బెంగ. ఆ సందర్భంలో గాంధీ మాట్‌ని ఒక ప్రశ్న అడిగాడు: ఆవుకు మీరు సువార్త ప్రకటిస్తారా అని. అంటరానివాళ్లలో కొందరు తెలివిలో ఆవు కన్నా కింద ఉన్నారనీ, ఏ మతం మంచిదో తేల్చుకునే శక్తి వాళ్లకు లేదనీ ఆయన భావం. ఈ సంభాషణ డిసెంబరులో 'హరిజన్' పత్రికలో అచ్చయింది. విమర్శలు వచ్చినా ఆయన ఆ పోలికను సమర్థించుకున్నాడే గాని వదులుకోలేదు.

ఈ మాటకు ఒక జోడీ మాట ఉంది. మాల మాదిగలు గంజి కోసం, గోధుమల కోసం మతం మారారని ఇప్పటికీ అంటారు. రెండు మాటల లోపలి అర్థం ఒక్కటే: వీళ్లకు కడుపు ఉంది, తల లేదు. మన చరిత్రకారులు కూడా 'సామూహిక మతమార్పిడి' అని రాసి పక్కకు జరుగుతారు. ఆ సమూహంలో ఎవరు ఏం ఆలోచించారో అడగరు. బ్రాహ్మడు మతం మారితే అది 'సత్యాన్వేషణ', మాదిగ మారితే 'ఉద్యమం'!

యెర్రగుంట్ల పేరయ్యనే తీసుకుందాం. ఒంగోలు ప్రాంతపు మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊర్లు తిరిగినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకు ముందు ఆయన ఖాళీగా కూర్చోలేదు. ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు, ఆయనకే శిష్యులున్నారు. వ్యాపారం పని మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ అలెగ్జాండర్ చెప్పిన మాటలు విన్నాడు. తనకు ముందే ఉన్న ప్రశ్నలతో వాటిని సరిచూసుకున్నాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన 'వైల్ సోయింగ్ శాండల్స్' పుస్తకం నిండా ఇట్లాంటి మాదిగ గురువుల సంగతులే. ఆమె మిషనరీ చూపుతోనే రాసింది. అయినా చెప్పులు కుట్టే చోట దేవుడి గురించి చర్చ నడిచేదని ఆ పుస్తకమే సాక్ష్యం చెప్తుంది.

పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు కక్కయ్య కథ మన వాడల్లో అందరికీ తెలుసు. దేహంలో చక్రాలున్నాయి, వాటిలో దేవతలున్నారని గురువు చెప్తే, నిజమో కాదో చూద్దామని కక్కయ్య ఇంటికి పోయి భార్యను కోసి చూశాడట. ఏమీ కనబడక గురువును నిలదీశాడట. కథలో ఆమె మళ్లీ బతుకుతుంది. (పరీక్ష పెట్టడానికి దొరికింది ఆడమనిషి ఒళ్లే, అది వేరే వ్యాసం.) కథ నిజమా కాదా అన్నది పక్కనపెడదాం. చెప్పిన మాటను నమ్మే ముందు రుజువు అడిగే మాదిగను మన జనం తరాలుగా గుర్తు పెట్టుకున్నారు.

ఇక గంజి మాట. 1876-78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. కూడు కోసం చేరారన్న నింద వస్తుందని ఆ కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని అయిపోయాకే, 1878 జులై 3న, ఒక్కరోజులో 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లలో మునిగారు. కడుపు ఒక్కటే కారణమైతే పని ముగిశాక రావాల్సిన పనేముంది? కరువులో తమను మనుషులుగా చూసినవాడు ఎవరో, వాడి దేవుడు ఎట్లాంటివాడో లెక్క కట్టుకున్నారు. తిండి పెట్టినవాడి గుణం చూసి ఆయన దేవుడి గుణం ఊహించడం తెలివితక్కువ ఎట్లయితది?

ఓరుగల్లు వైపు వద్దాం. 1879లో ఆల్బర్ట్ లఫ్రిడ్జ్ హనుమకొండలో బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టాడు. ఆ ఊళ్లోనే 1163 నాటి వేయిస్తంభాల గుడి ఉంది. ఇటు డోర్నకల్‌లో (అప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్) 1912లో వి.ఎస్. అజరయ్య బిషపు అయ్యాడు. తిరునల్వేలి నాడార్ కులం నుంచి వచ్చిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు. 1930ల నడుమకు ఆ డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు, ఎక్కువమంది మాల మాదిగలే. బాప్తిస్మం తీసుకున్నవాళ్లను తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలకమనేవాడు అజరయ్య. నిన్నటిదాకా ఊరి పెద్ద ముందు నోరు తెరవని మనిషిని బోధకుడిని చేసే పద్ధతి ఇది.

నిజాం రాజ్యంలో వెట్టి చేసే మాదిగకు తెలిసిన పెద్దవాడు దొర. దొర ఎప్పుడు కోపం తెచ్చుకుంటాడో, ఎప్పుడు కనికరిస్తాడో లెక్క ఉండదు. అందుకే తెలుగు బైబిల్లోని 'కృప' అన్న మాట మన చెవికి ముందు దొర దయలాగే వినిపించి ఉండాలి. కాని అదే పుస్తకంలో 'నీతి' ఉంది. గడ్డి ఇవ్వకుండా ఇటుకలు లెక్క తగ్గకూడదన్న ఫరో ఉన్నాడు. ఆ వెట్టి కథ మనవాళ్లకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. సొదొమ ఊరి కోసం అబ్రాహాము దేవుడితోనే బేరం ఆడతాడు, లోకానికి తీర్పరివి నువ్వే అన్యాయం చేస్తావా అని నిలదీస్తాడు. దొరను ఇట్లా అడిగినవాడు బతికేవాడా? అడగనిచ్చే దేవుడు, అడిగితే జవాబు చెప్పే దేవుడు: మాల మాదిగలకు కొత్తగా దొరికిన గుణం ఇదేనని నా వాదన. ఈ విశ్వాసం బుద్ధిని పక్కన పెట్టమనలేదు, బుద్ధికి పని చెప్పింది. జాషువా 1941 'గబ్బిలం'లో అరుంధతీయుడు కాశీ విశ్వనాథుడికి ఫిర్యాదు పంపడం ఈ అలవాటు నుంచే వచ్చిందనుకుంటాను.

అయితే చర్చి ఈ దేవుణ్ణి ఎంతకాలం నిలబెట్టింది? మాల, మాదిగ తేడాలు చర్చి గుమ్మం దాటి లోపలికొచ్చాయి. పెళ్లి సంబంధాల దగ్గర, పదవుల దగ్గర ఇంకా ఉన్నాయి. అంటరానివాళ్లు బాప్తిస్మం తీసుకున్నా కుల అన్యాయం మీద వాళ్ల పోరాటంలో చర్చి గట్టిగా నిలబడలేదని అంబేద్కర్ విమర్శించాడు. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో చంపబడ్డవాళ్లలో ఆదివారం గుడికి పోయేవాళ్లున్నారు. నరికినవాళ్లు వాళ్ల దేవుడెవరని అడగలేదు, వాడ ఏదో చూశారు.

ప్రభుత్వం మాత్రం దేవుడెవరనే అడుగుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన దగ్గర మతం మారిన ఎస్సీలను, వాళ్ల పిల్లలను బి.సి.-సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. 2022లో ఈ విషయం చూడ్డానికి కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. అందుకే మన పిల్లలకు రెండు పేర్లు: చర్చి రిజిస్టర్‌లో ఒకటి, స్కూలు రిజిస్టర్‌లో ఒకటి. గాంధీ మాల మాదిగలకు మతం తేల్చుకునే తెలివి లేదన్నాడు. తేల్చుకున్నందుకు ఈ ఉత్తర్వు శిక్ష వేస్తోంది. కుల సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసులో నిలబడిన తల్లి, మెడలో సిలువ కొంగు చాటుకు జరుపుకుని, మతం అన్న గడిలో ఏం రాయాలో పక్కవాణ్ణి మెల్లగా అడుగుతుంది.