పెంట అంటే చెత్త కాదు, ఇల్లు కూడా కాదు



కొంచెం పొడుగు పోస్టు. తీరిగ్గా చదవండి, ఎక్కడైనా తప్పుంటే మీ ఇంట్లో పెద్దల్ని అడిగి కింద రాయండి.

"పెంట" అనే మాటతో మొదలుపెడదాం. హాస్టల్లో ఒక చెంచు పిల్లోడు "మాది ఫలానా పెంట" అంటే పక్కోళ్లు నవ్వుతారు. కింది ఊళ్ల తెలుగులో పెంట అంటే పేడదిబ్బ, చెత్త. నల్లమలలో పెంట అంటే మనుషులు బతికే చోటు. శ్రీశైలం డ్యాం పక్కనున్న సున్నిపెంట పేరులో ఉన్నదీ ఈ పెంటే. అయితే అది నాలుగు గుడిసెల గుంపు మాత్రమే కాదు. ఆ గుడిసెల వాళ్లు తేనె తీసే చరియలు, గడ్డలు తవ్వుకునే చోట్లు, ఇప్పచెట్లు, చెలమ, దేవుడి రాయి, చచ్చిపోయినోళ్లను పెట్టే చోటు, ఇవన్నీ కలిస్తేనే పెంట. ఎవరి అడవి ఎక్కడిదాకానో పక్క పెంట వాళ్లకు తెలుసు. కంచె లేదు, కాగితం లేదు, కానీ హద్దు ఉంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమండార్ఫ్ కృష్ణకు అవతలి ఒడ్డున చెంచులతో ఉండి 1943లో వేసిన పుస్తకంలో కూడా ఈ సంగతి ఉంది.

ఇది ఆచారమా, చట్టమా? మన దృష్టిలో చట్టమే. తేనె సంగతి చూడండి. కొండచరియ మీద తాడు వేసుకుని దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది అన్నో తమ్ముడో కాదు, పెళ్లాం తోబుట్టువు, అంటే బామ్మర్ది. అన్నదమ్ములకైతే కిందున్నవాడు పోతే కలిసొచ్చేది ఏదో ఒకటి ఉండొచ్చు. బామ్మర్దికి మాత్రం తన అక్కో చెల్లో ముండమోస్తుంది, అందుకే అతను తాడు వదలడు. ఎవరి చేతిలో ఎవరి ప్రాణం పెట్టొచ్చో తేల్చి చెప్పిన నియమం ఇది. బయటివాళ్లు దీన్ని "వింత ఆచారం" అని యూట్యూబ్‌లో పెడతారు. పోలీసు, కోర్టు లేని చోట ప్రాణానికి జామీను ఇది. దాన్ని వింత అనడంతోనే అర్థం మారిపోతుంది.

మాట మారితే హక్కు కూడా పోతుందని మన చరిత్రే చెబుతుంది. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి నడకదారి ఉంది. ఉగాదికి కన్నడ భక్తులు ఇప్పటికీ ఆ దారిలో వస్తారు. పాతకాలంలో ఆ కనుమలకు కాపలా చెంచులదే. యాత్రికుల్ని దాటించేవాళ్లు, దానికి రుసుము తీసుకునేవాళ్లు. తమ అడవిలో అడుగుపెట్టినవాడికి రక్షణ ఇవ్వడం, దానికి ప్రతిఫలం తీసుకోవడం, ఇదీ లెక్క. 1839లో కర్నూలు నవాబును తీసేసి కంపెనీ వాళ్లు జిల్లాను పట్టుకున్నాక వాళ్ల రాతల్లో కాపలా అన్న మాట పక్కనే దోపిడీ అన్న మాట కూడా చేరింది. టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడల్లా మనకు ఈ సంగతి గుర్తొస్తుంది. అక్కడ డబ్బు తీసుకునేవాణ్ని ఎవరూ దొంగ అనరు.

తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం. ఏదైనా అడవిని రిజర్వు చేయాలంటే ముందు ప్రకటన వేస్తారు. హక్కు ఉందనుకునేవాళ్లు గడువులోపు అటవీ సెటిల్‌మెంటు అధికారికి చెప్పుకోవాలి. మూడు నెలలకు తగ్గకుండా గడువు ఇచ్చారు లెండి, ధర్మాత్ములు! చదువురాని, గెజిట్ అంటే ఏమిటో తెలియని పెంటల నుంచి ఎవరు పోయి రాసిస్తారు? రాసివ్వకపోతే హక్కు లేనట్టే. ఆ తర్వాత తేనెకు, గడ్డలకు, వెదురుకు "పోనీ, తెచ్చుకోండి" అన్నారు. దాని పేరు రాయితీ. హక్కు అయితే మనది. రాయితీ అయితే ఇచ్చినవాడిది, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అడవీ అదే, తేనే అదే, మారింది కాగితం మీద ఒక్క మాట.

చెంచుల కథే కాదు ఇది. ఎరుకలోళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకున్నవాళ్లు. ఉప్పు మీద సర్కారు గుత్త, ఆపైన రైలు వచ్చి ఆ వ్యాపారం పోయింది. 1911 చట్టం కింద వాళ్ల తిరుగుడునే నేరంగా రాశారు. 1952లో చట్టం పోయింది గానీ మాట పోలేదు. ఓలి సంగతి అంతకంటే బాధ. పిల్లను ఇచ్చే ఇంటికి మగపెళ్లివాళ్లు ఇచ్చేది ఓలి. పనిచేసే ఒక మనిషి ఆ ఇంటి నుంచి పోతోందని ఒప్పుకోవడం అది. దొరలు దాన్ని "ఆడపిల్లను అమ్ముకోవడం" అని రాశారు. మనమూ నమ్మాం. సిగ్గుపడి ఓలి మానేసి, ఇప్పుడు డిగ్రీలు చదివి, కట్నం తీసుకుంటున్నాం. దీనికి ఏ దొరనూ తిట్టలేం.

అట్లాగే తండాల్లో నాయక్, కారభారి, డావో కూర్చుని చేసే నసాబ్‌ను స్టేషన్లో కట్టపంచాయితీ అంటారు. అన్ని నసాబ్‌లూ న్యాయంగా చేశాయని మనం అనం, ఆడవాళ్ల విషయంలో అన్యాయపు తీర్పులు చేసినవీ ఉన్నాయి. వాటిని ఆడపిల్లలతో సహా మనమే కూర్చుని సరిదిద్దుకోవాలి. 1996 పెసా చట్టం సంప్రదాయ పద్ధతిలో తగవులు తీర్చుకునే అధికారాన్ని గ్రామసభకు ఒప్పుకుంది. కాకపోతే అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే. కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు చెంచు ఊళ్లు హైదరాబాదు రాష్ట్రం కాలంలోనే షెడ్యూల్డ్ ప్రాంతంలో చేరాయి. మద్రాసు నుంచి వచ్చిన మన ఒడ్డు చేరలేదు. ఒకే తెగ, ఒకే ఇంటిపేర్లు, నల్లపోతుల, మండ్లి, కుడుముల. అటు పిల్లను ఇటు ఇస్తాం. ఏరు దాటితే మాత్రం మన పద్ధతికి చట్టంలో చోటు లేదు.

అందుకే 2006 అటవీ హక్కుల చట్టం మనకు ఇంత ముఖ్యం. అది షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అని అడగదు. నల్లమలకూ వర్తిస్తుంది, కడప లంకమల కింది యానాదులకూ వర్తిస్తుంది. పీఠికలోనే చారిత్రక అన్యాయం అని ఒప్పుకుంది. హక్కుల్ని "ఇస్తాం" అనలేదు, "గుర్తిస్తాం" అంది. సభల్లో మాత్రం "పట్టాలు పంచాం" అంటారు, పంచడం అంటే మళ్లీ రాయితీయే కదా. వేటను ఈ చట్టమూ బయటే పెట్టింది, అది వేరే పోస్టు.

అసలు చిక్కు ఇక్కడుంది. చెంచుల్లాంటి ఆదిమ తెగలకు ఈ చట్టం 'హ్యాబిటాట్' హక్కు చెప్పింది. తెగ సంప్రదాయంగా తిరిగి, బతికి, మొక్కే ప్రాంతం మొత్తం దాని కిందికి వస్తుంది, అంటే మన మాటలో పెంట, దాని అడవితో సహా. హిందీలో దాన్ని "ఆవాస్" అని అనువదించేసరికి ఇళ్ల పథకంతో కలిపేశారు. అది ఇల్లు కాదని ఢిల్లీ గిరిజన మంత్రిత్వ శాఖే వివరణ ఇవ్వాల్సొచ్చింది. తెలుగులో ఆవాసం అన్నా అంతే, ఎవరికైనా ఇల్లే గుర్తొస్తుంది. "మీకు పక్కా ఇల్లు ఇచ్చేశాం, ఇంకేం కావాలి?" అంటే ఏం చెప్తాం? మధ్యప్రదేశ్ డిండోరి జిల్లాలో బైగాలు 2015 ప్రాంతంలో ఈ హక్కు సాధించారు, తమ ప్రాంతం హద్దులు తామే చెప్పుకుని.

2012లో సవరించిన నియమాల్లో 12బి అని ఒకటుంది. ఆదిమ తెగలకు ఈ హక్కు అందేట్టు జిల్లా కమిటీయే చూడాలి, అదీ వాళ్ల సంప్రదాయ పెద్దల్ని సంప్రదించి. 13వ నియమం ప్రకారం పెద్దలు చెప్పింది రాసిపెడితే అదీ సాక్ష్యమే. ముసలోళ్ల నోటిమాటకు 1882లో లేని విలువ ఇప్పుడుంది. ఆ ముసలోళ్లే ఏటికేడు తగ్గిపోతున్నారు.

ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్కు తీసుకుపోండి. మీ జేజిని, తాతను కూర్చోబెట్టి, ఏ చరియ ఎవరిది, ఏ చెలమ దాకా మనది, తేనెకు తాడు ఎవరు పట్టారు, ఎందుకు పట్టారు, అన్నీ రాయండి. వాళ్లు అన్న మాటే రాయండి. మీరు దిద్దొద్దు, "నివాస ప్రాంతం" అని గ్రాంథికం చేయొద్దు. ఫారం-బిలో ఆ హక్కుకు ఒక గడి ఉంది. అందులో పెంట అని రాసి, పెంట అంటే ఏమేమి కలిస్తే అవుతుందో దాని పక్కనే రాద్దాం. గడి చాలకపోతే ఇంకో తెల్లకాగితం జోడిద్దాం.