ఆర్ట్ జర్నల్ (పాఠశాల బోధన)

బొమ్మ, రాత, అతుకు ఒకే పేజీలో కలిసే సొంత నోటుపుస్తకమే ఆర్ట్ జర్నల్. రంగు, పెన్సిలు, కత్తిరించిన కాగితం, గుడ్డపీలిక, టిక్కెట్టు ముక్క పొరలుపొరలుగా చేరితే మిక్స్‌డ్ మీడియా జర్నల్ అవుతుంది. డ్రాయింగు పుస్తకంలో మాస్టారు బోర్డుమీద వేసిన బొమ్మ దిగుతుంది. ఇందులో పిల్లవాడి వారమంతా దిగుతుంది.

1912లో పికాసో, బ్రాక్ తమ చిత్రాల్లో కాగితాలు అతికించడంతో కొలాజ్ ఆధునిక కళలోకి వచ్చింది. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో రంగుల డైరీ ఆమె పోయిన నాలుగు దశాబ్దాలకు, 1995లో అచ్చయింది. మనకు దగ్గరి ఉదాహరణ రవీంద్రనాథ్ ఠాగూర్. ఆయన రాతప్రతుల్లో కొట్టివేతలనే కలుపుకుంటూ బొమ్మలు చేశాడు. రబ్బరు కోసం వెతుక్కునే పిల్లలకు ముందుగా చూపాల్సినవి ఆ పేజీలే.

పల్నాటి సరుకు

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈ పనికి కొనాల్సింది తక్కువ. కోటప్పకొండ తిరునాళ్లకు ఊళ్లవాళ్లు వెదురు, గుడ్డ, రంగుకాగితం, విద్యుద్దీపాలతో కట్టే ప్రభలు మిక్స్‌డ్ మీడియా కాక మరేమిటి? కారంపూడి వీరుల ఉత్సవం రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు సాగుతుంది. రోజుకొక జోడు పేజీ చాలు. మాచర్ల వైపు ఇళ్లలో నాపరాళ్ల నేల మామూలే. పల్చని కాగితం పరచి పెన్సిలు అడ్డంగా రుద్దితే రాతి గరుకు కాగితం మీదికొస్తుంది. 1925లో చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ చెక్కనేల మీద చేసిందీ ఇదే. నాగార్జునకొండ మ్యూజియం శిల్పాల మీద మాత్రం రుద్దకూడదు, చూసి గీసుకోవాలి.

రూళ్ల నోటుపుస్తకం కాగితం తడికి ముడుచుకుంటుంది. రెండేసి పేజీలు కలిపి అతికిస్తే గట్టిపడుతుంది. మధ్యమధ్య కొన్ని పేజీలు తీసేస్తే అతుకులతో లావెక్కినా కుట్టు తెగదు. ఉడికించిన మైదా జిగురు, తుమ్మబంక సరిపోతాయి. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపే అలవాటు బడిలో పనికిరాదు, అది విషం. పసుపునీళ్లలో సున్నపుతేట చుక్క పడితే ఎర్రబడుతుంది, సైన్సు పాఠం అక్కడే అయిపోతుంది. పిడుగురాళ్ల బట్టీల పొడిసున్నం మాత్రం పిల్లల చేతికివ్వరాదు. పత్తి, మిరప చేలనుంచి పురుగుమందుల లేబుళ్లు, మందు పట్టించిన విత్తనాల సంచులు కూడా రావచ్చు. ఎంత రంగురంగులుగా ఉన్నా గుమ్మం దాటనివ్వకూడదు. శుభలేఖల అట్ట మంచిదే గానీ వినాయకుడి బొమ్మ మీద కత్తెర వేయడానికి చెయ్యి రాదు. పాఠ్యపుస్తకం చించడానికీ అంతే. పాత ప్రశ్నపత్రాలతో ఆ చిక్కు లేదు. మెషీను బస్సు టిక్కెట్టు మీద అక్షరాలు మాసిపోతాయి కాబట్టి పక్కనే ఊరు, తేదీ రాయించాలి.

బోధన

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6-8 తరగతుల్లో వందమందికి మించి ఉన్న బడికి కళావిద్య నేర్పే పార్ట్‌టైం బోధకుడుండాలి. 2020 జాతీయ విద్యావిధానం ఆ తరగతులకే పుస్తకాల సంచి లేని పది రోజులు సూచించింది. జర్నల్ మొదలుపెట్టడానికి అవి చాలు, నింపడానికి చాలవు. వారానికొక పీరియడు కావాలి.

కష్టమంతా తొలి పేజీతోనే. తెల్లకాగితం చూసి "ఏం గీయాలి సార్?" అని కూర్చుండిపోతారు. ముందు ఆ తెలుపు పోగొట్టాలి: టీ డికాక్షను పూయించి, ఆరాక దినపత్రిక ముక్క అతికించి, పైన నిన్న విన్న మాట ఒకటి రాయించాలి. మార్కులు వేస్తే పక్కవాడి పేజీ దించుతారు. అంచులు అతికించి మూసేసిన పేజీ పిల్లల సొంతం. ఉపాధ్యాయుడైనా అడగకుండా విప్పకూడదు.