నల్లకోటు సరే, వకాల్తా ఎవరిస్తారు?

మా పల్లెకీ కోర్టుకీ సంబంధం పాతదే. పాలేరు మీద దొంగతనం మోపినా, బంజరు దున్నుకున్నామని కేసు పెట్టినా మావాళ్లు ఎక్కింది బోనే. నల్లకోటు ఎప్పుడూ అవతలి వీధోళ్లదే. అందుకే కోర్టుల చరిత్ర చదివేటప్పుడు తీర్పులొక్కటే చూస్తే చాలదు. ఎవర్ని లోపలికి రానిచ్చారు, ఎవర్ని గుమ్మంలో ఆపారు అన్నది కూడా చూడాలి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే పంతులమ్మని. నేను చెప్పే పుస్తకంలో ఈ పాఠం లేదు.

1916లో రెజీనా గుహ అనే ఆమె బి.ఎల్. పాసై, ప్లీడరుగా నమోదు చేసుకోమని దరఖాస్తు పెట్టింది. 1879 నాటి చట్టంలో 'వ్యక్తి' అని ఉంది. ఆ మాట ఆడవాళ్లకి వర్తించదని కలకత్తా హైకోర్టులో అయిదుగురు జడ్జీలు తేల్చారు. 1921లో సుధాంశుబాల హజ్రాకి పాట్నా హైకోర్టు ఇదే చెప్పింది. ఆ ఏడే అలహాబాదు హైకోర్టు కార్నీలియా సొరాబ్జీని చేర్చుకుంది. ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాసింది 1892లో. వకీలుగా నమోదు కావడానికి 29 ఏళ్లు పట్టింది. ఆడదైనంత మాత్రాన కాదనకూడదని 1923లో గాని చట్టం రాలేదు.

ఆడది వ్యక్తా కాదా అన్న ప్రశ్న ఆ చదువుకున్నామెలకి కొత్త అవమానం అయ్యుండొచ్చు. మాకు కొత్త కాదు. మనుషులం కామని మాకు బావికాడే తేల్చేశారు.

1923ని మన పిల్లలు ఇంకో సంగతికి కూడా గుర్తుపెట్టుకోవాలి. బాబాసాహెబ్ అంబేడ్కర్ బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టింది ఆ ఏడే. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చినా అంటరానివాడికి సొలిసిటర్లు కేసులివ్వలేదు. ఇల్లు గడవడానికి బాట్లీబాయ్ అకౌంటెన్సీ సంస్థలో వ్యాపార చట్టం పాఠాలు చెప్పుకున్నాడు. ఆయన్ని రావొద్దని ఏ చట్టమూ అనలేదు, కేసు మాత్రం రాలేదు. తలుపు చట్టం తెరుస్తుంది. పని మాత్రం కులం ఇస్తుంది, చుట్టరికం ఇస్తుంది, మొగాళ్ల స్నేహాలు ఇస్తాయి. ఈ మూడూ లేనిది దళిత స్త్రీకే.

మా చెల్లెలు మా పల్లెకి మొదటి లాయరు. మా అమ్మ మిరపకోతల కూలి డబ్బుతో నల్లకోటు కుట్టించింది. చెల్లెలు ఒక సీనియర్ దగ్గర చేరింది. వాయిదా అడగడానికి ఇది, వాదించడానికి ఆయన మేనల్లుడు. జీతం లేదు, బస్సు చార్జీలు నేనిచ్చేదాన్ని. కక్షిదారు ముందు 'ఏ ఊరమ్మా' అంటాడు. తర్వాత 'ఎవరమ్మాయివి' అంటాడు. పల్లె అని తెలియగానే 'ప్లీడరుగారొచ్చాక వస్తాలే' అని లేచిపోతాడు. తోటి ఆడ లాయర్లు ఆడవాళ్లమంతా ఒకటే అంటారు, మధ్యాహ్నం క్యారేజీలు విప్పేటప్పుడు మాత్రం ఒకటి కాదు. మన మొగ లాయర్లేమో భరణం కేసులు నువ్వు చూసుకోమ్మా అంటారు. అట్రాసిటీ కేసులు తమ దగ్గరే ఉంచుకుంటారు. ఇది రాయకపోతే సగం అబద్ధం చెప్పినట్టే.

పై మెట్లమీదా ఇదే వరస. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి మొదటి మహిళా జడ్జిగా జస్టిస్ అమరేశ్వరి వచ్చింది 1978లో. 1950లో మొదలైన సుప్రీంకోర్టుకి 1989లో గాని ఫాతిమా బీవీ రాలేదు. 2021 దాకా లెక్కేస్తే అక్కడ మహిళా జడ్జీలు 11 మంది. వాళ్లలో దళిత స్త్రీ ఒక్కరూ లేరు. 2024లో సుప్రీంకోర్టు తన బార్ అసోసియేషన్ కార్యవర్గంలో ఆడవాళ్లకి మూడో వంతు ఇవ్వాలంది. మంచిదే. ఆ మూడో వంతులో మా వంతెంత?

మన సంఘాలకీ ఒక మాట. దాడి జరిగినప్పుడు బెదిరింపులకి లొంగకుండా సాక్ష్యం చెప్పమని మన ఆడవాళ్లని అడుగుతాం. వాళ్లు చెబుతారు. ఆ కేసు వకాల్తా రాసేటప్పుడు మాత్రం పెద్ద పేరున్న మొగ లాయర్ని వెతుకుతాం. అవతలోళ్లు కేసులివ్వలేదని వందేళ్ల నుంచీ చెప్పుకుంటున్నాం. మన కేసులు మన చేతిలోనే ఉన్నాయి. వాటి మీద మన ఆడపిల్ల పేరు మనమైనా రాయాలి.