రేడియేషన్ మీటరు ఇంటింటికీ కావాలా?

నిప్పంటుకుంటే పొగ కనిపిస్తుంది. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది. రేడియేషన్‌కు రంగు లేదు, వాసన లేదు, తగిలేటప్పుడు నొప్పి కూడా తెలియదు. అందుకని దాన్ని కొలిచే మీటరు ప్రతి ఇంట్లో ఉండాలని కొందరంటారు. అదంతా అనవసర భయమని కొందరంటారు. ఈ రెండింట్లో ఏది నిజం? ఆ మీటరు ఎక్కడ మనుషులను కాపాడింది, ఎక్కడ కాపాడలేకపోయింది అని చరిత్రలో చూస్తే జవాబు దొరుకుతుంది.

1908లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్, గైగర్ కలిసి ఆల్ఫా కణాలను లెక్కపెట్టే పరికరం తయారుచేశారు. 1928లో గైగర్, ఆయన శిష్యుడు ముల్లర్ దాన్ని ఇంకా బాగుచేశారు. వాయువు నింపిన ఒక గొట్టం, దానికి విద్యుత్తు. రేడియేషన్ లోపలికి వెళ్లినప్పుడల్లా చిన్న విద్యుత్ తరంగం పుట్టి ‘టిక్’ అని శబ్దం వస్తుంది. ఇదే గైగర్ కౌంటర్.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అణుబాంబుల భయంతో అమెరికా ప్రభుత్వం ఇలాంటి మీటర్లను పౌర రక్షణ కోసం పెద్ద ఎత్తున చేయించింది. అందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. వాళ్లు ఒకే రకం మీటరు చేయించలేదు. సీడీ వీ-700 అనేది గంటకు 50 మిల్లీరాంట్‌జెన్‌ల వరకే కొలుస్తుంది. సీడీ వీ-715 అనేది గంటకు 500 రాంట్‌జెన్‌ల వరకు కొలుస్తుంది. అంటే పది వేల రెట్లు ఎక్కువ. కానీ తక్కువ రేడియేషన్ ఉంటే ఈ రెండో దాని ముల్లు కదలనే కదలదు. బంగారం తూచే త్రాసుతో బియ్యం మూటలు తూచలేం గదా, ఇదీ అంతే.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో రియాక్టర్ పేలినప్పుడు ఈ తేడా ఎంత ముఖ్యమో తెలిసింది. అక్కడివాళ్ల చేతికి అందిన మీటర్లు గంటకు సుమారు 3.6 రాంట్‌జెన్‌ల దగ్గరే ఆగిపోయేవి. అసలు ఉన్నది దానికి ఎన్నో రెట్లు. అయినా పైవాళ్లకు వెళ్లిన లెక్క ఆ 3.6 మాత్రమే. పక్కనే ఉన్న ప్రిప్యత్ పట్టణం జనాన్ని మరుసటి రోజు మధ్యాహ్నం గానీ ఖాళీ చేయించలేదు. ఏప్రిల్ 28న సుమారు 1,100 కిలోమీటర్ల దూరంలో, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో, ఒక ఉద్యోగి బూట్ల దగ్గర అలారం మోగింది. వాళ్లు వెతికి చూస్తే అది తమ కేంద్రం నుంచి వచ్చింది కాదని తేలింది. ఆ సాయంత్రమే సోవియట్ ప్రభుత్వం ప్రమాదం సంగతి బయటపెట్టింది. స్వీడన్‌లో రోజూ కొలిచే అలవాటు ఉంది కాబట్టే అది దొరికింది.

మరుసటి ఏడాది బ్రెజిల్‌లోని గోయానియాలో ఇంకో విషాదం జరిగింది. మూతపడిన ఒక వైద్యశాలలో వదిలేసిన క్యాన్సర్ చికిత్స యంత్రం భాగాన్ని ఇద్దరు తీసుకెళ్లి పాత ఇనుము కొట్టుకు అమ్మారు. లోపలి సీజియం-137 చీకట్లో నీలంగా మెరిసిందట. అందంగా ఉందని బంధువులకు కూడా పంచారు. అందరూ జబ్బుపడుతుంటే, కొట్టు యజమాని భార్య అనుమానంతో దాన్ని సంచిలో పెట్టించి బస్సులో ఆరోగ్య కార్యాలయానికి తీసుకెళ్లింది. మర్నాడు ఒక భౌతిక శాస్త్రవేత్త మీటరు అరువు తెచ్చుకుని బయల్దేరాడు. ఆ చోటు ఇంకా దూరంగా ఉండగానే ముల్లు చివరిదాకా వెళ్లిపోయింది. మీటరు చెడిపోయిందనుకుని వెనక్కి వెళ్లి ఇంకోటి తెచ్చాడు. అదీ అలాగే చూపించింది! అప్పుడు నమ్మాడు. తర్వాత ఒక స్టేడియంలో లక్షా 12 వేలకు పైగా జనాన్ని పరీక్షించారు. 249 మందికి రేడియోధార్మిక పదార్థం అంటుకున్నట్టు తేలింది. నలుగురు చనిపోయారు. వాళ్లలో సంచి తీసుకెళ్లిన ఆ తల్లి కూడా ఉంది.

ఇలాంటిది మన దేశంలో కూడా జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1985 నుంచి వాడకుండా పడి ఉన్న కోబాల్ట్-60 యంత్రాన్ని 2010లో వేలం వేశారు. అది మాయాపురి పాత ఇనుము మార్కెట్టుకు చేరింది. అక్కడ దాన్ని విప్పదీశారు. కొందరు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా భయమేసింది. ఎందుకంటే మాదీ పాత ఇనుము అంగడే. ఇక్కడ చెన్నైలో దాన్ని కాయలాన్ కడై అంటారు. మీటరు కొందామని నాయనతో అన్నాను. ఆయన వద్దనలేదు. ‘సరే, ముల్లు కదిలింది. అప్పుడు నేనేం చేయాల?’ అని అడిగాడు. ఈ ప్రశ్నకు మీటరులో జవాబు లేదు.

జవాబు తెలియాలంటే ముందు మామూలు రోజుల్లో ఎంత చూపిస్తుందో తెలియాలి. రేడియేషన్ సున్నా ఉండే చోటు భూమి మీద లేదు. కన్యాకుమారి జిల్లా మణవాళకురిచ్చి తీరంలో ఇసుకలోనే మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంటుంది. ఆంధ్రలో భీమునిపట్నం ఇసుకలోనూ మోనజైట్ ఉంది. సంగతి తెలియనివాడు మణవాళకురిచ్చిలో మీటరు పెడితే ఊరంతా పరుగెత్తిస్తాడు. భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట ఉండడం కూడా జరుగుతుంది. 2004 డిసెంబర్ 26న సునామీ నీళ్లు కల్పాక్కం అణు కేంద్రం పంపుహౌసులోకి వచ్చాయి. నడుస్తున్న రియాక్టర్‌ను క్షేమంగా ఆపేశారు. రేడియేషన్ బయటికి రాలేదు. కానీ అక్కడి టౌన్‌షిప్‌లో సముద్రం ఎందరి ప్రాణాలో తీసింది.

కాబట్టి ఇంటింటికీ మీటరు అక్కర్లేదని నా అభిప్రాయం. బీరువాలో దాచి, అవసరం వచ్చిన రోజు బ్యాటరీ వెతుక్కునే మీటరు ఎవరినీ కాపాడదు. ప్రమాదం అని ప్రకటన వస్తే ఇంట్లోకి వెళ్లి తలుపులు, కిటికీలు మూసుకోవడం, బట్టలు మార్చుకుని స్నానం చేయడం, అధికారులు చెప్పేది వినడం... వీటికి మీటరు అవసరం లేదు. కానీ పాత ఇనుము కొనే వీధిలో, అగ్నిమాపక కేంద్రంలో, పెద్ద ఆసుపత్రిలో మీటరు ఉండాలి. దాన్ని రోజూ చూసి రాసిపెట్టే మనిషి ఉండాలి. ముల్లు కదిలితే ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద రాసి ఉండాలి.

ఇవన్నీ వచ్చేలోగా ఖర్చులేని పని ఒకటుంది. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు ఉన్న వస్తువునైనా, చిన్నగా ఉండి సీసంతో విపరీతమైన బరువున్న పెట్టెనైనా కొయ్యకూడదు, విప్పకూడదు. దూరంగా జరిగి పోలీసులకు చెప్పాలి. గోయానియాలోనూ మాయాపురిలోనూ ఈ ఒక్క సంగతి తెలియకే ప్రాణాలు పోయాయి. మా అంగడి తలుపు మీద ఆ గుర్తు బొమ్మ గీసి, కింద తెలుగులోనూ తమిళంలోనూ ఈ మాటే రాశాను.