గుమ్మం బయటి తప్పెట

మొన్న వేసవిలో కళ్యాణదుర్గం, మా పుట్టింటికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. ఇల్లంతా కునుకు తీస్తుంటే మా మేనకోడలు మాత్రం ఫోనులో ఏదో పాట పెట్టుకుని కాలూపుతోంది.

"ఏందే ఆ పాట? తప్పెట దోవ తప్పినట్టుంది!" అన్నాను.

"రెగే అత్తా! బాబ్ మార్లీ!" అంది, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

ఆ జాలి భరించలేక తెలుసుకున్నాను లెండి. జమైకా చెరుకుతోటల దీవి. ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి తెచ్చిన బానిసల చెమటతో పండిన దీవి. 1760లో ఆ బానిసలు తిరగబడ్డారు. వెంటనే దొరలు చట్టం చేసి, తప్పెట్లతో గుమికూడటం నిషేధించారు. కత్తికే కాదు, తప్పెటకీ జడిశారన్నమాట! 1838లో బానిసలకి పూర్తి విముక్తి వచ్చింది. తోటపనికి మనుషులు కరువై, 1845 నుంచి మన దేశపు కూలీలనే ఓడలెక్కించారు.

విముక్తి వచ్చింది గానీ పేదరికం పోలేదు. 1930లలో రాస్తఫారీలనే వాళ్ళు బయల్దేరి, ఆఫ్రికాయే మా పుట్టిల్లన్నారు. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దేవుడిగా కొలిచారు. వాళ్ళ జడలు చూసి పెద్దమనుషులు మొహం తిప్పుకున్నారు. 1963లో పోలీసులు వాళ్ళని పట్టి హింసించారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో!

ఆ వెలివాడల తప్పెట 1960ల చివర్లో పుట్టిన రెగేలో కలిసింది. అందులో మొదటి దెబ్బ ఖాళీగా వదిలేసి, మూడో దెబ్బ మీద బరువంతా వేస్తారు. నాకు దోవ తప్పినట్టనిపించింది అందుకే. 1976లో మార్లీ మీద కాల్పులు జరిగితే, రెండు రోజులకే వేదికెక్కి పాడాడు. మన గద్దర్ గారి మీద 1997లో తూటాలు పేలాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. అయినా ఆయన పాట ఆపలేదు. 2018లో యునెస్కో రెగేని మానవజాతి వారసత్వమంది.

"చూశావుటే, తప్పెటని తొక్కిపెట్టాలనుకున్న దొరల పని ఏమైందో!" అని ఉపన్యాసం ముగించాను.

"మరి మన ఇంట్లో?" అంది అది.

తడబడ్డాను. మా ఇళ్ళలో తప్పెట లేనిదే పెళ్ళి ఊరేగింపు కదిలేది కాదు. కొట్టేవాళ్ళు మాత్రం గుమ్మం బయటే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒక పెళ్ళిలో తప్పెట కొట్టి కొట్టి అలిసిన ముసలాయన నీళ్ళడిగాడు. చెంబు చేతికివ్వబోతే, "తగలకుండా ఎత్తి పొయ్యి మే!" అని మా అవ్వ కేకేసింది. ఆయన వంగి దోసిలి పట్టాడు. చుక్క నీటికి మొహం వాచిన సీమలో సగం నీళ్ళు నేలపాలయ్యాయి.

"నువ్వు ఎత్తే పోశావా, అత్తా?"

"పోశాను."

అది పాట ఆపేసింది. ఇంతసేపూ జమైకా దొరలమీద మండిపడ్డ నా నోరు ఇక పెగల్లేదు.