సురభి: ఒకే కుటుంబం, నూట నలభై ఏళ్ళ నాటకం

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించినదేదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. బేతంచెర్ల వాళ్ళం కనుక నాపరాళ్ళ గురించో, బిల్లసర్గం గుహల గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. అవి ఎక్కడికీ పోవు. మన పెద్దలు ఎడ్లబండ్లు కట్టుకొని పోయి తెల్లవార్లూ చూసి వచ్చిన సురభి నాటకాల సంగతి మాత్రం మన మనుమలకు తెలియకుండా పోతున్నది.

సురభి అన్నది ఊరి పేరు. కడప జిల్లా చక్రాయపేట మండలంలో ఉన్నది. తోలుబొమ్మలాట ఆడుకొని బ్రతికే కుటుంబంలో పుట్టిన వనారస గోవిందరావు గారు 1885లో ఆ ఊళ్ళో 'కీచక వధ' ప్రదర్శించారు. బొమ్మల స్థానంలో మనుషులు వచ్చారు. బొంబాయిలో కాంగ్రెసు మహాసభ మొదటిసారి కూడినది కూడా ఆ ఏడాదే. మరుసటి ఏడు, అంటే 1886లో, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి 'చిత్రనళీయం' రంగమెక్కింది. తెలుగు నాటకానికి మన రాయలసీమ చేసిన సేవ తక్కువది కాదని చెప్పడానికే ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టాను.

గోవిందరావు గారు చేసిన పెద్ద పని ఆడవేషాలు ఆడవాళ్ళ చేతనే వేయించడం. ఆ కాలంలో అది సాహసమే. మగవారు స్త్రీ పాత్రలు ధరించే సంప్రదాయం ఆ తరువాత కూడా చాలాకాలం నడిచింది. స్థానం నరసింహారావు గారికి సత్యభామ వంటి స్త్రీ వేషాలతోనే పేరు వచ్చింది, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. సురభిలో మాత్రం భార్య, కూతురు, కోడలు అందరూ నటులే. చంటిపిల్ల కావలసిన సీను వస్తే పిల్లను అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

అట్లా పెరిగిన పిల్లే కమలాబాయి గారు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి ఆమే. హెచ్.ఎం.రెడ్డి గారు తీసిన ఆ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం అనుకున్నాం. 1932 ఫిబ్రవరి 6 అని తరువాత పరిశోధకులు తేల్చారు. సురభికి కీర్తి తెచ్చినదీ, గండి కొట్టినదీ ఆ సినిమాయేనని నా అభిప్రాయం.

కుటుంబం పెరిగేకొద్దీ సమాజాలు చీలి ముప్పైకి పైగా అయ్యాయి. 1937లో జిమిడిపేటలో మొదలైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి వాటిలో ఒకటి. ఇప్పుడు మిగిలినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

'మాయాబజార్'లో ఘటోత్కచుడి మాయలు చూస్తూ నోరు తెరిచిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి, నారదుడు మబ్బుల్లో నుంచి దిగుతాడు. అంతా తీగలు, కప్పీలు, రంగు దీపాలు, మడతలు విప్పుకొనే తెరలు. లాగేవాడు రెప్పపాటు ఆలస్యం చేస్తే నవ్వులపాలు. ఆ లాగేవాడు కూడా ఇంటివాడే. సాయంత్రం టిక్కెట్లు చింపిన మనిషే రాత్రి కిరీటం పెట్టుకొని వస్తాడు. 'బ్రహ్మంగారి చరిత్ర' కూడా వాళ్ళు విరివిగా ఆడారు. రవ్వలకొండ, బనగానపల్లె అచ్చమ్మగారి ఇల్లు మనకు పొరుగే కదా, ఆ నాటకం మనవాళ్ళకు ఇంటి కథ.

వాళ్ళకు మనలాగా సర్వీసు రిజిస్టరు లేదు. ఫలానా తేదీన రిటైర్మెంటు అన్నది లేదు. మోకాళ్ళు నొప్పులు పుట్టినా రాజమాత వేషం తప్పదు. వేషం వేయలేనివారు తెర వెనుక చీరలు మడత పెడుతూ ఉంటారు. డి.ఏ. ఒక నెల ఆలస్యమైతే మనం పడే ఆదుర్దా చూసినప్పుడల్లా నాకు వాళ్ళు గుర్తుకు వస్తారు. వాన పడితే ఆ రాత్రి ఆట లేదు, ఆట లేకపోతే రాబడి లేదు.

వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారిని అందరూ బాబ్జీ అనేవారు. 1990లలో బి.వి.కారంత్ గారిని రప్పించి వీళ్ళచేత కొత్తరకం నాటకాలు ఆడించిన ఘనత ఆయన కాలానిదే. 2013లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడే సమాజం ఫ్రాన్సు వెళ్ళి ఆడి వచ్చింది. ఆయన 2022 జూన్‌లో కాలం చేశారు. హైదరాబాదు శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉన్నది. ఆ ఇళ్ళలో పిల్లలు బడికి పోతారు, కొందరు ఉద్యోగాలూ చేస్తున్నారు. నాటకం ఉన్న రోజున ముఖానికి రంగు పూసుకొంటారు.